పెద్ద మీసాలాయన, పాయసంలో ఉప్పు

కిందటేడు మా ఇంట్లో కొన్ని నెలలపాటు పోయినవాళ్ల గొడవ నడిచింది. ఆస్తి గొడవ కాదు. పోయినవాళ్లు మా చుట్టాలు కూడా కాదు. పద్దెనిమిది వందల ఎనభైల్లో ఎప్పుడో అమెరికాలో జీతానికి బేస్‌బాల్ ఆడి, మీసాలు పెంచి, ఫోటోలు దిగి వెళ్లిపోయిన మనుషులు వాళ్లు. వాళ్లలో ఎవరు గొప్పో సూరత్‌లో మా భోజనాల బల్ల దగ్గర తేలాల్సి వచ్చింది. తేల్చే భారం మా ఆయన మీద పడింది.

మా ఆయన ప్రభుత్వ బ్యాంకులో అధికారి. నేనూ అదే బ్యాంకులో వేరే శాఖలో పనిచేస్తాను. ఆయనది ఏలూరు వైపు, మాది కరీంనగర్ వైపు. ఆయనకు ఆటలేవీ రావు, మెట్లెక్కితే ఆయాసం. ఒకరోజు బ్యాంకు పని మీద బేస్ రేటు గురించి ఇంటర్నెట్‌లో వెతుకుతూ కాలు జారి బేస్‌బాల్‌లో పడ్డారు. రేటు దొరికిందో లేదో నాకు తెలియదు గాని, మనిషి మాత్రం మళ్లీ పైకి రాలేదు.

అక్కడ ఆయనకు ఒక ముఠా దొరికింది. దేశాలు వేరు, జబ్బు ఒకటే. పాతకాలపు సీజన్ ఒకటి తీసుకుంటారు. అందులో ఏ స్థానంలో ఎవరు అందరికంటే బాగా ఆడారో వాదించుకుంటారు. చివరికి ఓట్లు వేసి తొమ్మిదిమందిని ఎన్నుకుంటారు. గెలిచినవాళ్లకు ఒరిగేదేమీ లేదు, ఓడినవాళ్లకు తెలిసేదీ లేదు. అయినా ఒక్కో స్థానానికి ఒక్కో సభ్యుడు వకీలులా నిలబడి, తన మనిషిని గెలిపించుకోవాలి. మా ఆయనకు షార్ట్‌స్టాప్ స్థానం అప్పజెప్పారు.

రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడేవాణ్ణి షార్ట్‌స్టాప్ అంటారట. బంతులు ఎక్కువగా అటే దూసుకొస్తాయట. ఆ రోజుల్లో చాలామంది చేతికి తొడుగు కూడా లేకుండా ఉత్త చేతులతో పట్టేవారట. కొట్టేవాడు మాత్రం మహారాజు. "పైకి వెయ్యి", "కిందికి వెయ్యి" అని అడిగి మరీ బంతి వేయించుకునేవాడట. మగపెళ్లివారు అమెరికాలో కూడా ఉన్నారన్నమాట అనుకున్నాను నేను. పట్టాల్సిన బంతిని వదిలేసినా, పట్టి తప్పుగా విసిరినా, స్కోరు రాసేవాడు ఆ ఆటగాడి పేరు మీద "ఎర్రర్" అని రాస్తాడు.

షార్ట్‌స్టాప్‌కు ఇద్దరు పోటీలో ఉన్నారు. వాళ్ల పేర్లు నాకు నోరు తిరగవు. ఒకాయన మీసం కుదురుగా ఉంటుంది, ఇంకొకాయన మీసం గడ్డం దాటి భుజాల వైపు పోతూ ఉంటుంది. చిన్న మీసాలాయన ఎర్రర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చట. పెద్ద మీసాలాయన ఎర్రర్లలో ఆ ఏడు లీగు మొత్తానికి మొనగాడట. మా ఆయన బ్యాంకు మనిషి. ఎంత పని చేశాడన్నది తర్వాత, తప్పు లేకుండా చేశాడా లేదా అన్నది ముందు. కాబట్టి చిన్న మీసాలాయన తరఫున వాదించడానికి నడుం కట్టారు.

ఇది ఒక పక్క. ఇంకో పక్క, ఆయన మా తెలుగు సంఘానికి కార్యదర్శి కూడా. ఆ హోదాలో ఆయన చేయాల్సిన పని ఒకటి ఉంది. దాన్ని రోజూ రేపటికి వాయిదా వేసేవారు. మా కాకకు ఈసారి వంట నీది కాదని చెప్పాలి.

కాక అంటే మా బాపుకు సొంత తమ్ముడు. మా వైపు చిన్నాన్నను అలాగే పిలుస్తాం. గుజరాతీలోనూ కాకా అంటే చిన్నాన్నే కావడంతో ఊరంతా ఆయన్ను కాకా అనే అంటుంది. ఇంతమందికి చిన్నాన్న అయినవాణ్ణి నేను ఇంకొకరిని చూడలేదు. వయసులో ఉండగా మగ్గాలు నడిపాడు, ఆ మోతకు చెవులు మందగించాయి. ఇప్పుడు సలాబత్‌పురాలో ఒక సేఠ్ దుకాణంలో తాకాలు చూస్తాడు. తాకా అంటే మగ్గం మీంచి దిగిన పొడుగాటి బట్ట. దాన్ని వెలుతురుకు పట్టి, పోగు తెగిన చోటా మరకపడిన చోటా పెన్సిలుతో గీత గీసి "ఐబు", అంటే లోపం, అనడం ఆయన పని. ఆ మాట అనేటప్పుడు ఆయనకు దయాదాక్షిణ్యాలు ఉండవు.

ఇంట్లో మాత్రం కాక పొయ్యి వెలిగించడు. చిన్నమ్మ పోయాక తన ఒక్కడి కోసం వండుకోవడం మానేసి, హోటల్లో ఇంత తిని పడుకుంటాడు. ఆయన వంట చేసేది ఏడాదికి ఒక్కసారే, కార్తీకమాసంలో ఊరవతల కామ్‌రేజ్ దాటాక ఒక తోటలో జరిగే మా సంఘం వనభోజనాల్లో. రైల్వేవాళ్లు, బ్యాంకులవాళ్లు, మగ్గాలవాళ్లు అంతా ఒక్క బంతిలో కూర్చునేది ఆ రోజే. నేను సూరత్ రాక ముందు నుంచీ అక్కడ గంటె ఆయనదే. ఆ బారెడు గంటెను పాత బట్టలో చుట్టి ఏడాది పొడుగునా అటక మీద దాచుకుంటాడు.

అలాంటిది, ఆ ముందటేడు వనభోజనాల్లో సేమ్యా పాయసం ఉప్పుకషాయం అయింది. గిన్నెలు అద్దెకిచ్చినవాళ్లు సాయానికి ఒక గుజరాతీ ఆవిడను పంపారు, అందరూ బేన్, అంటే అక్క, అనేవారు. ఆమె ఉడుకుతున్న గుండిగల పక్కన నిలబడి కాకను అడిగింది, "మీఠుం నాఖుం?" అని. గుజరాతీలో మీఠుం అంటే ఉప్పు, నాఖుం అంటే వెయ్యనా. హిందీలో మీఠా అంటే తీపి. కాకకు మగ్గాల మధ్య అబ్బింది హిందీ, గుజరాతీ అంటే సేఠ్ తిట్టినప్పుడు అర్థమయ్యేంతే. పైగా చెవులు అంతంత మాత్రం. ఆమె నిలబడింది పాయసం దగ్గర. పాయసంలో తీపి వెయ్యాలా అని అడిగే మనుషులు కూడా ఉంటారా అని విసుక్కుని, "నాఖో నాఖో, బరాబర్ నాఖో" అని చేయి ఊపాడు. ఆమె బరాబర్‌గానే వేసింది.

మొదటి గుటక మా అధ్యక్షులవారిది. రైల్వేలో రిటైరైన పెద్దమనిషి. మింగలేక, నలుగురిలో ఉమ్మలేక, సిగ్నల్ దగ్గర ఆగిన గూడ్సుబండిలా ఉండిపోయారు. ఆ గుటక ఆయన మర్చిపోలేదు. ఏడాది తిరిగి మళ్లీ కార్తీకం దగ్గర పడుతుండగా, "పట్టాలు తప్పిన డ్రైవరుకు మళ్లీ బండి ఇవ్వం కదా" అన్నారు. వంట వరాఛాలో ఒక గుజరాతీ క్యాటరర్‌కు ఇచ్చేద్దామని కమిటీలో మాట అనుకున్నారు. ఆ క్యాటరర్ పప్పుచారులో కూడా బెల్లం వేస్తాడు. అయినా అందరూ తలూపారు.

"మీ కాకే కదా, నువ్వు చెప్పు" అంటారు మా ఆయన.

"మీ సంఘమే కదా, మీరే చెప్పండి" అంటాను నేను.

ఇలా నెట్టుకుంటూ ఉండగా ఒక ఆదివారం పొద్దున కాక ఎప్పటిలాగే టీకి వచ్చాడు. బల్ల మీద కంప్యూటర్లో మీసాలవాళ్ల ఫోటోలు ఉన్నాయి. కాక కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశాడు.

"ఏంది అల్లుడా, గీ మీసాలోళ్లెవరు? మన సంఘం కొత్త కమిటీనా ఏంది?"

కమిటీ అన్న మాటకే మా ఆయనకు పొలమారింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకపోయినా గబగబా బేస్‌బాల్ అంతా చెప్పుకొచ్చారు. కాక ఓపిగ్గా విన్నాడు.

"షార్ట్‌స్టాపా? షార్టయి స్టాపయిందా? మా కార్ఖానల రోజు గదే లొల్లి" అన్నాడు. తర్వాత పెద్ద మీసాలాయన ఫోటో మీద వేలు పెట్టాడు. "గీనికి ఎర్రర్లు ఎక్కువంటివి. ఎర్రరంటే ఐబే గదా?"

"ఐబే మామయ్యా. లీగు మొత్తంలో ఈయనవే ఎక్కువ. అందుకే ఈయన్ను తీసేస్తున్నాం."

"తీసేస్తున్నరా?" అన్నాడు కాక. కాసేపు టీ ఊదుకున్నాడు. "బంతులన్నీ వాని కాడికే వచ్చినయా, వాడే బంతుల కాడికి ఉరికిండా?"

మా ఆయన అంకెల్లోకి వెళ్లారు. కొంతసేపు కిందికీ పైకీ వెతికారు. "ఉరికినట్టే ఉంది మామయ్యా. మిగతా అందరికంటే ఎక్కువ బంతులు ఈయనే అందుకున్నాడు."

"మరి గా చిన్న మీసాలోడు?"

"తన దగ్గరికి వచ్చినవి శుభ్రంగా పట్టాడు."

"గదే జెప్తున్న. ఇంటికొచ్చిన చుట్టానికి నీళ్లిచ్చిండు. ఎదురువోయి తోల్కరాలే."

నాకు నవ్వొచ్చింది. ఇదే కాక దుకాణంలో ఎవరైనా నేతగాడు "ఎక్కువ బట్ట నేశాను కాబట్టి ఎక్కువ ఐబులు పడ్డాయి" అని చూడమనండి, తాకా మొహాన కొడతాడు. ఆ మాటే అన్నాను.

"గది బట్ట బిడ్డా. గిది ఆట" అన్నాడు, ఏమాత్రం తొణక్కుండా.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే వరస. కాక రావడం, టీ తాగడం, పెద్ద మీసాలాయన వకాల్తా పుచ్చుకోవడం. మైదానం ఎగుడుదిగుడుగా ఉంటే బంతి ఎటు ఎగురుతుందో వానికేమెరుక అనేవాడు. చేతికి తొడుగు లేకుండా పట్టమంటే నీ అధ్యక్షుడు పడతాడా అనేవాడు. మా ఆయన మొదట్లో కొట్టిపారేశారు. తర్వాత తల ఊపారు. ఆపైన తనే ఎదురు అడగడం మొదలుపెట్టారు. ఒక ఆదివారం కాక హుషారులో కాస్త ముందుకు పోయాడు.

"పక్కన నిలవడ్డోడు మాట సక్కగ చెప్పకపోతే, గది వీని ఐబు ఎట్లయితది అల్లుడా? వీనికి చెవులు గూడ జర తక్కువే ఉండొచ్చు. ఫోటోల చెవులు కనవడ్తయా?"

నేను తాగుతున్న టీ బల్ల మీద పడింది. మా ఆయన "అవును, ఆ కోణంలో ఆలోచించలేదు" అంటూ రాసుకుంటున్నారు. కాక నా వైపు చూడలేదు. బల్ల మీది టీ మరకను మాత్రం, వృత్తి ధర్మం కొద్దీ, తదేకంగా చూస్తున్నాడు. అప్పుడు తెలిసింది నాకు. క్యాటరర్ సంగతి ఈయనకు ఎప్పుడో చేరింది. చేరాక కూడా ఒక్క మాట అడగకుండా, అలగకుండా, వచ్చి అమెరికావాడి ఎర్రర్లను మోస్తున్నాడు. ఇంకో కప్పు టీ పెట్టి, చక్కెర ఒక చెంచా ఎక్కువేసి ఇచ్చాను.

మా ఆయన పూర్తిగా మనసు మార్చుకున్నారు. పెద్ద మీసాలాయన తరఫున ఇంగ్లీషులో బారెడు వ్యాసం రాసి, కూరలు తరుగుతున్న నాకు వినిపించారు. తప్పు భయంతో చేతులు కట్టుకున్నవాడికంటే, చెయ్యి చాచి పొరపాటు చేసినవాడే జట్టుకు ఎక్కువ ఇచ్చాడని దాని సారం. చదువుతుంటే ఆయన గొంతు వణికింది. పెళ్లిచూపులప్పుడు కూడా వణకని గొంతు.

ఓట్ల ఫలితం వచ్చింది. పెద్ద మీసాలాయన ఓడిపోయాడు. ముఠాలో ఒక దంతవైద్యుడు "తప్పు తప్పే" అని ఒక్క ముక్క రాశాడట, అందరూ దానికే మొగ్గారట. మా ఆయన మధ్యాహ్నం అన్నం సగంలో లేచారు. నూరేళ్ల కిందట పోయినవాడికి ఆ పూట మా ఇంట్లో మైల పట్టారు. ఆ సాయంత్రమే అధ్యక్షులవారింట్లో కమిటీ సమావేశం, నేనూ వెంట వెళ్లాను. క్యాటరర్‌ను ఖాయం చేయడమే పని.

అత్త మీద కోపం దుత్త మీద తీశారు. అధ్యక్షులవారు "ఇక క్యాటరర్ విషయం" అన్నారో లేదో మా ఆయన లేచి నిలబడ్డారు.

"ఎర్రర్ రాయడం సులువండీ! ఉత్త చేతులతో పట్టేవాడి బాధ రాసేవాడికి తెలుస్తుందా? ఎన్నేళ్లుగా ఉరుకుతున్నాడు ఆ మనిషి! ఒక్కటి జారితే తీసేస్తారా? అంత పెద్ద మీసాలు పెట్టుకుని..."

"మీసాలా?" అన్నారు అధ్యక్షులవారు కంగారుగా. "పాయసంలో మీసాలు కూడా వచ్చాయా?"

ఇంకొకాయన, "ఉత్త చేతులతో పట్టడమెందుకండీ, మసిగుడ్డలు సంఘం తరఫున కొంటున్నాం కదా" అన్నారు.

నేను పమిట నోట్లో కుక్కుకున్నాను. మా ఆయన ఆగలేదు. మైదానం గురించి చెప్పారు, ఎగుడుదిగుళ్ల గురించి చెప్పారు, చెవుల గురించి కూడా చెప్పారు. చివరికి, బేస్‌బాల్ ఇంకా వినాల్సి వస్తుందేమోనన్న భయంతోనే అనుకుంటాను, కమిటీ ఏకగ్రీవంగా గంటెను కాకకే ఇచ్చింది. మర్నాడు మా ఆయన ఆ కబురు స్వయంగా చెబితే కాక నోరు తెరిచాడు.

"అయ్యో! నన్ను తీసేద్దామనుకున్నరా అల్లుడా? నాకెరుకనే లేదు!"

నాటకంలో వేషం వేయాల్సిన మనిషి మగ్గాల పాలయ్యాడు.

వనభోజనాల రోజు పొద్దున కామ్‌రేజ్ దాటి తోట చేరేసరికి పొయ్యిలు వెలుగుతున్నాయి. బగారన్నం వాసన, వంకాయ కూర వాసన. అంతా సవ్యంగానే ఉంది గాని కాక నోరు వినపడటం లేదు. ఎప్పుడూ పొయ్యి దగ్గర పదిమందిని తిట్టే మనిషి, పని ముగించి, గంటెను గుండిగకు ఆనించి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని పక్కన నిలబడ్డాడు. నేను పప్పుచారు అరచేతిలో వేసుకుని నాకి చూశాను. ఉప్పు లేదు. వంకాయలో లేదు. బగారన్నంలో లేదు.

"కాకా, ఉప్పు మర్శిపోయినవా?"

"మర్శిపోలే బిడ్డా."

"మరి?"

"ఎక్కువైతే ఐబు. తక్కువైతే ఎవల ఇస్తార్ల వాళ్లు కలుపుకుంటరు. నా మీదికి రాదు."

నాకు ఏడుపొచ్చింది. అన్ని ఆదివారాలు మా బల్ల దగ్గర కూర్చుని, ఉరికేవాడే గొప్పవాడని మా ఆయనను ఒప్పించినవాడు తను మాత్రం నమ్మలేదు. నవ్వుకుంటూ నేను చూసిన ఆటంతా ఆయనకు ఆట కాదు. గంటె తిరిగి వచ్చింది గాని చెయ్యి రాలేదు. ఈ మాటే వెళ్లి మా ఆయనతో అన్నాను. ఆయన పంచె ఎగ్గట్టుకుని పొయ్యిల దగ్గరికి పరుగెత్తారు.

అక్కడ ఆ బేన్ ఉంది. ఆ ఏడూ ఆవిడే వచ్చింది. నేను కాకతో అన్న మాటల్లో ఉప్పు సంగతి ఏం గ్రహించిందో ఏమో, ఉప్పు గిన్నె చంకన పెట్టుకుని నిలబడి, రొప్పుతూ వచ్చిన మా ఆయనను అడిగింది, "మీఠుం నాఖుం?"

మా ఆయన గుజరాతీ బ్యాంకు గుజరాతీ, మీఠుం అంటే ఉప్పని బాగా తెలుసు. తెలిసిన ఉత్సాహంలో, "హా బేన్, నాఖో! బధామాం నాఖో!" అన్నారు. అన్నిట్లో వెయ్యమని. ఆమె ముందు ఉన్న గుండిగ ఏదో చూడలేదు. అది పాయసం. ముందటేటి అనుభవంతో, ఈ తెలుగువాళ్లు ఖీర్‌లో ఉప్పు తింటారని ఆవిడ స్థిరంగా నమ్ముతోంది. నమ్మకంగా పిడికెడు తీసి గుండిగ మీదికి చెయ్యి చాచింది.

కాకకు వినపడి ఉండదు. కానీ కళ్లు తాకాల మీద సాన పట్టినవి. వెనక్కి కట్టుకున్న చేతులు ఎప్పుడు విడిపోయాయో నేను చూడలేదు. కట్టెల మీంచి ఒక్క అంగ వేసి, కాగుతున్న పాయసం మీద, ఆమె పిడికిలి కింద తన అరచెయ్యి పెట్టాడు. ఆ వయసులో ఆ ఉరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో. ఉప్పంతా ఆయన చేతిలో పడింది. ఆవిరికి చురుక్కుమన్నట్టుంది, మొహం చిట్లించాడు గాని చెయ్యి తీయలేదు.

మా ఆయన ఎగ్గట్టిన పంచె దించుకున్నారు. "మామయ్యా, ఈ తప్పు నాది. నా పేరు మీద రాసుకోండి" అన్నారు.

"రాస్త. మస్తు పెద్దగ రాస్త" అన్నాడు కాక. పిడికిట్లో ఉప్పు చూసుకున్నాడు. పక్కకు తిరిగి, రుచి చూడకుండా, కొలవకుండా, దాన్ని పప్పుచారులోకి విసిరాడు. గంటె అందుకుని అడుగంటా తిప్పాడు. "ఏం జూస్తున్నవ్ బిడ్డా? గా ఉప్పు గిన్నె ఇటియ్యి. బగారల గూడ చల్లాలె. అల్లుడా, నువ్వు జర దూరముండు!" తిట్లు మొదలయ్యాయి. నాకు ప్రాణం లేచొచ్చింది.

బంతిలో కూర్చున్నాక చూస్తే పప్పుచారులో ఉప్పు కాస్త ఎక్కువే అయింది. అధ్యక్షులవారు ఒక గుటక వేసి నా వైపు చూశారు. నేను ఇంకో గంటెడు వేయించుకున్నాను.